వాటీ పిజన్ చేసిన విల్లు

మా చెరొకీ తెగవాళ్ళ కొండల్లో బోడార్క్ చెట్టు కర్రతో విల్లు చేసేవాళ్ళలో నా పేరు తెలియనివాళ్ళు లేరు. నేను చదివింది వాగు పక్క బడిలో ఎనిమిదో తరగతి దాకానే. అయితేనేం, మొక్కజొన్న కాడలు గుట్టగా పేర్చి, ఎవరి బాణం ఎన్ని కాడలు గుచ్చిందో లెక్కపెట్టే సెప్టెంబరు పందెంలో మా జట్టు ఏడేళ్ళు వరసగా గెలిచిందంటే అది నా చేతి విల్లులతోనే. ఒక్క బాణానికి తొమ్మిది కాడలు గుచ్చినవాణ్ణి నేను. నా దగ్గర పని నేర్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళందరిలోకీ తక్కువ మాట్లాడినవాడు వాటీ పిజన్.

వాటీ బడి బస్సు నడిపేవాడు. మా పిల్లలంతా అతని వెనక సీట్లలో కూర్చునే పెద్దవాళ్ళయ్యారు. అతనికి సంతానం లేదు. భార్య నెల్డా పోయాక ఇంట్లో రేడియో ఒక్కటే మాట్లాడేది. ఒక వసంతంలో నా పాకకు వచ్చి, దుప్పట్లో చుట్టిన కర్రను బల్ల మీద పెట్టాడు. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాం కంచె దగ్గర కొట్టి, చీల్చి, అటక మీద ఆరబెట్టిన బోడార్క్. మిగతా ముక్కల్ని పురుగు తినేసింది.

“ఈ సెప్టెంబరుకి నేనూ బాణాలేసే గీత మీద నిలబడాలి అన్నా,” అన్నాడు. “ఊరికే చూడ్డానికొస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి పోతున్నారు. విల్లు ఉన్నవాడితోనే మాట్లాడతారు.”

మర్నాడు పట్నం నుంచి కరెంటు సాన, మెరిసే ఉలుల పెట్టె కొనుక్కొచ్చాడు.

“విల్లు చేస్తావా, పళ్ళు పీకుతావా?”

“దుకాణంవాడు అన్నీ కావాలన్నాడన్నా.”

“వాడెన్ని కాడలు గుచ్చాడట? వెనక్కిచ్చెయ్.”

తేలికపాటి గొడ్డలి, ముతక ఆకురాయి, గీకడానికి విరిగిన రంపం ముక్క, నారి లాగి వంపు చూసుకునే గాట్ల కొయ్య ఏరి ఇచ్చాను. చివరిగా, ఒంటివైపు లాక్కునే రెండు పిడుల కత్తి. దాన్ని బొటనవేలితో తడిమి నవ్వాడు.

“దీనికి వెన్న కూడా తెగదు!”

“తెగకూడదు. విల్లు వీపంతా, అంటే గురివైపు తిరిగే ముఖమంతా, చెట్టు ఒకే ఏడు పెరిగిన పొరై ఉండాలి. మొద్దు కత్తి పై పొరను పెళ్ళగిస్తుంది, కింది పొరను కొయ్యలేదు. పదును కత్తికి ఆ బుద్ధి ఉండదు. ఒక్కచోట పొర తెగిందా, విల్లు అక్కడే విరుగుతుంది.”

వేసవంతా వసారాలో ఒక్కడే గీకాడు. ఓసారి వెళితే ఎదురు కుర్చీ దుమ్ము దులిపి చూపించాడు. పని మాత్రం వంక పెట్టలేనిది.

చెడింది మర్యాద దగ్గర. అరువు తెచ్చిన పనిముట్టును పదును పెట్టకుండా తిరిగివ్వడం మాలో తలవంపు. వీపు పని అయిపోయిందనుకుని, తెచ్చివ్వడానికి ముందు వాటీ ఆ కత్తికి శ్రద్ధగా సాన పట్టాడు. అప్పుడు కర్ర మీద పాత పొర తునక ఒకటి కంటబడింది. ఆ పదును కత్తితోనే ఒక్కసారి లాగాడు. కింది పొరా తెగింది.

కర్ర తెచ్చి నా ముందు పెట్టాడు. తెగిన చోట గోరు పెట్టి చూశాను.

“అతుకుతుందా?”

“అతకదు. కొస నుంచి కొస దాకా కింది పొరకు దిగాలి. కిందవన్నీ కరువు ఏళ్ళలో పెరిగిన పొరలు, కాగితాల్లా ఉన్నాయి. గట్టిది దొరికేసరికి కర్ర సగం పోతుంది.”

“విల్లవుతుందా?”

“అవుతుంది. బాణం దూరం పోదు.”

కర్రను ఒళ్ళోకి తీసుకున్నాడు. “నెల్డా కత్తులన్నిటికీ నేనే సాన పట్టేవాణ్ణి. చెయ్యి ఊరుకోలేదన్నా.”

కత్తిని రాతికి రాసి మళ్ళీ మొద్దు చేసి ఇచ్చాను.

సెప్టెంబరు వచ్చింది. పలచబడ్డ ఆ విల్లుతో గీత మీద నిలబడి వాటీ వేసిన బాణం కాడల గుట్టకు సగం దూరంలోనే గడ్డిలో దిగింది.

“బస్సెక్కించి పంపాల్సింది వాటీ!” అని అవతలి జట్టువాడు అరిచాడు.

“ఎక్కించే పంపాడురా, దారిలో పిల్లల కోసం ఆగింది!” అన్నాడు మావాడు.

అందరూ నవ్వారు. వాటీ కూడా నవ్వాడు. నా విల్లు అందించాను.

“దీంతో వెయ్యి. జట్టులో చేరుస్తాను.”

“వద్దన్నా. అది నీది.”

గుట్ట చేరని బాణానికి జట్టులో చోటు లేదు. గీతను ఎవరి కోసమూ ముందుకు జరపం. అయినా అతను ఏటా వస్తాడు. మొదటి బాణం తనే వేసి, పడ్డచోటికి నడిచి వెళతాడు. మైదానంలో మనిషి ఉండగా ఎవరూ నారి లాగకూడదు. విల్లులు దించుకుని వరసగా నిలబడతాం. అంత గడ్డిలో అతనొక్కడే వంగి వెతుక్కుంటూ ఉంటాడు. ఎవరూ తొందర పెట్టరు. నేను పెట్టనివ్వను.