ఒబిబి పేరు పలికిన పిల్లలు

పొద్దు వాలి పిల్లలు పొయ్యి చుట్టూ చేరితే, ఆ అచోలీ తెగ పల్లెలో కథ చెప్పేది అలాన్యోనే. మనుషుల్ని మింగే రాకాసి ఒబిబి కథ ఎత్తుకుందంటే, ఏడుస్తున్న పిల్ల కూడా ఏడుపు మాని ఊఁ కొట్టేది.

ఒకనాడు తిరుగుబాటు మూక పట్టపగలే ఊరి మీద పడింది. ఆమె పెనిమిటిని నువ్వుల చేలోనే గొడ్డలితో నరికారు. సైన్యానికి కబురు చేరవేసింది నువ్వేనంటూ ఆమెను రెక్క పట్టి ఈడ్చారు.

"నేనెవరికీ ఏం చెప్పలేదు నాయనా, పిల్లలకి కథలు తప్ప."

"ఇకమీదట అవీ చెప్పలేవులే," అన్నాడు కత్తి పట్టినవాడు. వాడికి మీసమింకా మొలవలేదు. ఆమె పెదవులు రెండూ కోసేశాడు.

ఊరొదిలి జనమంతా తలదాచుకున్న శిబిరంలో గాయం మానింది గాని, పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలన్నీ పోయాయి. మళ్లీ కథ మొదలుపెట్టిన నాడు రాకాసి పేరు దగ్గర ఆగిపోయింది. నోట్లోంచి గాలే వచ్చింది. "ఒబిబి," అని ముందు కూర్చున్న పిల్ల అందించింది. తర్వాత అందరూ అందుకున్నారు. అప్పటినుంచి కథలో సగం పిల్లలే చెప్పేవారు.

చాలా ఏళ్లకు యుద్ధం సద్దుమణిగి జనం ఊళ్లకు చేరారు. క్షమాభిక్ష పొంది అడవి నుంచి వచ్చిన తిరుగుబాటువాళ్లలో ఒజారా ఒకడు. ఒక సాయంత్రం పిల్లలతో కూర్చుని కథ వింటున్న కూతురు లాకెర్ కోసం అలాన్యో వాకిట్లోకి వచ్చి, "పద, ఇంటికి," అన్నాడు. ఆ గొంతు వినగానే అలాన్యో తలెత్తింది.

"నీ చెయ్యే కదరా కోసింది."

అతను తల దించుకున్నాడు. "కొయ్యకపోతే నన్ను నరికేవాళ్లు పెద్దమ్మా."

జొన్నలు దంచే రోకలి ఆమె చేతికందింది. మొదటి దెబ్బకు అతని మోచేయి విరిగింది. రెండోది భుజం చితక్కొట్టింది. అతను తిరగబడలేదు, పారిపోలేదు. మూడోది తలకు గురిపెట్టి ఎత్తింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పరుగున వచ్చి రోకలి లాక్కున్నారు. పిల్లలంతా తనకు దూరంగా జరిగి గోడకు ఒదిగిపోవడం అలాన్యో అప్పుడు చూసింది.

చెట్టు మీంచి పడ్డానని ఆసుపత్రిలో చెప్పుకున్నాడు ఒజారా. కొట్టినందుకు ఆమె బాధపడలేదు. పిల్లలు రావడం మానేసినందుకే ఆమెకు తిండి సయించలేదు.

చాలా రోజులకు లాకెర్ ఒక్కతే వచ్చింది. "నాన్నకి కట్టు విప్పారు. చెయ్యి వంకరగానే ఉంది," అంది, దూరంగా నిలబడే.

అలాన్యో చాప పరిచింది. "కూర్చో తల్లీ."

"కథ చివర ఒబిబి కడుపు కోస్తారు కదా, లోపలున్నోళ్లు బతికే వస్తారా?"

ఇదివరకు ఆ కథలో అందరూ బతికేవారు.

"అందరూ కాదు," అంది అలాన్యో.

లాకెర్ వచ్చి చాప మీద కూర్చుంది.