కువైట్ రిపోర్టులో ఏడు వందల ఏడు

ప్రొద్దుటూరులో మా పక్కింట్లో ఉండేది ఆమె. పుట్టిల్లు జమ్మలమడుగు. భర్త కువైట్‌లో ఒక షేక్ ఇంట్లో డ్రైవరు. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆ ధైర్యంతోనే ఒక ఆదివారం ఫోన్ పట్టుకుని నేరుగా మా వంటింట్లోకి వచ్చేసింది.

"అక్కా, ఆయనకు కాళ్లు వాచినాయంట. రక్తం పరీక్ష చేసి ఇది ఇచ్చినారు. క్రియాటినిన్ అంట, ఏడు నూర్ల ఏడు అని ఉంది. నాకు శానా భయంగా ఉంది, సూడు."

మూత్రపిండాలు బయటికి పంపాల్సిన వ్యర్థం అది. అక్కడ దాన్ని లీటరుకు ఇన్ని మైక్రోమోళ్లని రాస్తారు. మన ల్యాబుల్లో వంద మిల్లీలీటర్లకు ఇన్ని మిల్లీగ్రాములని రాస్తారు. క్రియాటినిన్ అణుభారం నూట పదమూడు. ఆ ఏడు వందల ఏడును దాంతో గుణిస్తే లీటరుకు దాదాపు ఎనభై వేల మైక్రోగ్రాములు, అంటే ఎనభై మిల్లీగ్రాములు. వంద మిల్లీలీటర్లకు అందులో పదోవంతు. తప్పు చేశానేమోనని మళ్లీ చేశాను. అంతే వచ్చింది.

"మన లెక్కలో ఎనిమిది" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "ఎనిమిదేనా? యా అల్లా! ఏడు నూర్లని పొద్దున్నుంచి ముద్ద మింగలేదు నేను."

ఆ నవ్వు చూస్తూ చెప్పడం నాకు చాలా కష్టమైంది. "ఉండాల్సింది ఒకటే అమ్మా" అన్నాను చివరికి. ఆమె గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుంది.

కాసేపటికి ఆయనకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి నా చేతికిచ్చింది. "నువ్వే మాట్లాడక్కా, నాకు నోరు రాదు."

మన లెక్కలో ఎంతో చెప్పి, వెంటనే వచ్చేయమన్నాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. "ఈడ డాక్టరు అంతా చెప్పినాడులే అక్కా. కిడ్నీలు పోయినాయంట. నువ్వు మాత్రం మా ఇంటామెకు ఎనిమిదనే చెప్పు. చిన్న లెక్కయితే భయపడదు."

పక్కనే ఉండి ఆమె అంతా విన్నది. ఏడుపు ఫోన్‌లో వినపడకూడదని కొంగు నోట్లో కుక్కుకుంది. "సరేప్పా, అట్లే చెబుతా" అన్నాను.

ఆయన వచ్చాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకుపోయేది ఆమె. నీళ్లు కొలిచి తాగాలి. మన ఎండల్లో అది నరకం. మధ్యాహ్నాలు గడప మీద కూర్చుని ఐసు ముక్క చప్పరించేవాడు. నేను కనబడితే "కాలేజీ అయిపోయిందా అక్కా" అని పలకరించేవాడు. ఆమె తన కిడ్నీ ఇస్తానంది. కలవదన్నారు. మరుసటి ఎండాకాలం దాటలేదు ఆయన.

భర్త పోయాక ఇల్లు కదలకుండా ఉండాల్సిన ఇద్దత్ గడువు తీరాక వాళ్ల అన్న వచ్చి ఆమెను జమ్మలమడుగు తీసుకుపోయాడు. ఆటో ఎక్కే ముందు నా చెయ్యి పట్టుకుంది. "ఆ పొద్దు ఫోన్‌లో మీ మాటలు నేను వినలేదనుకునే పోయినాడక్కా" అంది.