గొర్రెల బీమా, మామ బీమా

మా మామకు బీమా అంటే గొర్రె చెవికి గుచ్చే బిళ్ల. ప్రభుత్వ అప్పుతో మంద కొన్నప్పుడు ప్రతి గొర్రెకూ ఆ బిళ్ల వేశారు. గొర్రె జబ్బుపడితే బీమా డబ్బు రాదు. చచ్చిపోతేనే వస్తుంది. పశువుల డాక్టరు చూసి రాసిచ్చి, బిళ్ల ఉన్న చెవిని కోసి పంపాలి.

రెండు వేల మొదట్లో ఒక ఏడాది, కోస్గి దగ్గర మా ఊళ్లో వృద్ధుల ఆరోగ్య బీమా గురించి డప్పు కొట్టి చాటించారు. ఆ మాట వినగానే మామ లేచి ఇంట్లోకి వెళ్లిపోయాడు. తెల్లకార్డు ఉన్న ముసలివాళ్లకు ప్రీమియంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే కడుతుంది. ఆసుపత్రిలో చేరితే ఖర్చు బీమా నుంచి వస్తుంది. కాకపోతే గడువులోగా మనిషే పంచాయతీ ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేయాలి.

నాకు అది కావాలి. అంతకు ముందు ఏడాది అత్త ఆపరేషన్‌కు సగం మంద అమ్మేశాం. మిగిలిన సగంతోనే ఇల్లు గడుస్తోంది. మా ఆయన ప్రైవేటు బడి జీతం పాప మందులకే సరిపోయేది కాదు. మామ దగ్గినప్పుడల్లా నా చూపు గొర్రెల దొడ్డి వైపు పోయేది.

డిగ్రీ చదివాను కాబట్టి విడమరిచి చెప్పడం నా పని అనుకున్నాను. మందులు, పరీక్షలు, ఆపరేషన్ అన్నీ చెప్పాను. ఆయన చేతికర్ర చెక్కుకుంటూ విన్నాడు.

"గంత మంచిదైతే సర్కారెందుకు కడ్తది బిడ్డా? నేను సస్తె ఆ పైసలు ఎవలకొస్తయి?"

"గట్ల మాట్లాడకు మామా," అని మాట మార్చాను. నిజానికి ఆయన పోతే ఎవరికీ ఏమీ రాదు. అది ఆ పథకంలో లోపమనిపించింది. చెబితే అసలే రాడని ఊరుకున్నాను.

పొయ్యి దగ్గర నుంచి అత్త అందుకుంది. "చెవు కోస్తరని బుగులైతాందా? కోస్తే కోయనియ్. ఎన్నడన్న ఒక్క మాట వడ్డదా నీ చెవుల?"

గడువు చివరి రోజు ఆయన తలపాగా చుట్టుకుని, ఎవరికీ చెప్పకుండా పంచాయతీ ఆఫీసుకు బయలుదేరాడు. నేను పాపను ఎత్తుకుని వెనకే వెళ్లాను. బల్ల ముందు నిలబడి గుమస్తాను అడిగాడు.

"సారూ, గొర్రె సస్తె పైసలిస్తిరి. మరి నేను సస్తె?"

"నువ్వు సస్తె ఏం రాదు పెద్దయ్యా. దవాఖానల షరీకైతేనే వస్తయి."

"నా కొడుక్కు?"

"రాదు."

"కోడలికి?"

"ఎవ్వలకు రాదంటున్న గద. బతికున్నోళ్లకే గీ బీమా."

మామ బొటనవేలు ముందుకు చాపాడు. సిరా తలపాగాకు తుడుచుకున్నాడు.

బయటికి వచ్చాక పాపను నా చేతిలోంచి తీసుకున్నాడు. "గీ ముచ్చట ముందుగాల్నే చెప్పకపోతివి బిడ్డా. ఊకె తిప్పలవెట్టినవ్."

ఆయన ఇన్నాళ్లూ భయపడింది జబ్బుకు కాదు, మాకు.

దారిలో అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లను ఆగి ఆగి పలకరించాడు. "నేను సస్తె వీళ్లకు రాగిపైస రాదంట! సారే చెప్పిండు. బతికిచ్చుకుంటేనే లాభమంట."

అప్పటిదాకా కదలని వాళ్లలో ఇద్దరు ముగ్గురు లేచి, కండువాలు దులుపుకుని పంచాయతీ ఆఫీసు వైపు నడిచారు.