సొరుగులో ఉన్నంతకాలం

సేమూర్ గెల్బార్ట్ ఒక కామిక్స్ కంపెనీలో ఎడిటర్‌గా చేరింది నాలుగు నెలల కోసం. రాస్తున్న నవల పూర్తయ్యేదాకా ఇంటి అద్దె గడిస్తే చాలనుకున్నాడు. నవల పూర్తి కాలేదు. ఇరవై ఏడేళ్లయింది. మన్‌హట్టన్‌లో అదే అంతస్తు, అదే బల్ల. బిగుతు బట్టల వీరుడు బ్రిడ్జ్‌మ్యాన్ చేత నెలనెలా ఊరిని కాపాడిస్తూనే ఉన్నాడు. చుట్టాల పెళ్లిళ్లలో ఎవరైనా ఏం పని చేస్తావని అడిగితే "పుస్తకాల కంపెనీ" అని మాట మార్చేవాడు.

ఆ వ్యాపారంలో ప్రతి ఎడిటర్ సొరుగులోనూ బొమ్మలతో సహా ఒక కథ సిద్ధంగా ఉండాలి. బొమ్మలేసేవాడు తాగి పడిపోయినా, జ్వరమొచ్చి మూలిగినా ప్రెస్సు ఆగదు. అప్పుడు ఆ కథ తీసి అచ్చుకిచ్చేస్తారు. సేమూర్ సొరుగులో ఉన్నవి డొమినిక్ వకారో గీసిన ఇరవై రెండు పేజీలు. పద్దెనిమిదేళ్లు ఇద్దరూ జోడెద్దుల్లా పనిచేశారు. సేమూర్ నోటితో కథ చెప్పేవాడు, డొమినిక్ గీసుకొచ్చేవాడు, ఆ బొమ్మల మీద సేమూర్ మాటలు రాసేవాడు. ఈ ఇరవై రెండూ ఇచ్చి వెళ్లిన వారానికే డొమినిక్ గుండె ఆగి చచ్చిపోయాడు. ఆరేళ్లయింది. వాటికి మాటలు రాయనే లేదు.

ఆరేళ్లలో నాలుగుసార్లు ఆ కథ అవసరం పడింది. నాలుగుసార్లూ సేమూర్ ఏదో పాత కథకి కొత్త అట్ట తగిలించి గట్టెక్కాడు. ఎందుకంటే అచ్చయ్యాక, చేత్తో గీసిన అసలు పేజీలను కంపెనీ ఉంచదు. ఎవడూ ఎత్తుకెళ్లి అమ్ముకోకుండా ఒక్కోదాన్నీ మూడు ముక్కలుగా కోసి చెత్తలో వేస్తారు. అచ్చు కానంతకాలమే పేజీకి ఆయుష్షు.

డొమినిక్ భార్య కాన్చెట్టాకు ఈ సంగతి తెలియదు. ఈస్టరుకు బ్రూక్లిన్‌లో వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా, ప్లేటు నింపుతూ అదే అడిగేది.

"ఆయన ఆఖరి కథ ఎప్పుడేస్తావయ్యా? వేశాక ఆ కాగితాలు నాకు తెచ్చియ్యి. గీసిందల్లా మీ ఆఫీసుకే మోశాడు. ఆయన చేతి గీత ఒక్కటంటే ఒక్కటి లేదీ ఇంట్లో."

"తెస్తాను," అనేవాడు సేమూర్, తల వంచుకుని తింటూ.

డెబ్బై నాలుగు ఫిబ్రవరిలో, అప్పటి చిత్రకారుడు మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పేజీలను ప్రెస్సుకి పంపే పని చూసే మర్రే ఫింకెల్ సిగరెట్టు నోట్లోంచి తీయకుండానే వచ్చి నిలబడ్డాడు.

"సొరుగు తియ్యరా."

"నాలుగు రోజులివ్వు. ఎవరిచేతనైనా గీయిస్తా."

"ఎవరిచేత, మీ అమ్మచేతా? శుక్రవారం ప్రెస్సుకి పోవాలి. ఈసారీ పాత కథ అతికించావంటే నీ బల్ల ఖాళీ చేయిస్తానన్నాడు కంపెనీ పెద్దాయన. పాచికూడు పెడుతున్నారని పాఠకులు తిడుతూ ఉత్తరాలు రాస్తున్నారు."

"అచ్చయ్యాక ఆ పేజీలు నాకిస్తావా?"

మర్రే ఫక్కున నవ్వాడు. "అడగడానికి సిగ్గుండాలి. ఆ రూలు కాగితం మీద సంతకం ఎవడిదిరా?"

సేమూర్‌దే. పదమూడేళ్ల క్రితం ఎవడో వాడేసిన పేజీలు అమ్ముకున్నాడని పెద్దాయన అరుస్తుంటే, "కోసేస్తే పోలా" అన్నది సేమూరే. అప్పుడందరూ భుజం తట్టారు.

యాభై రెండేళ్ల వయసులో ఇంకెవడు పని ఇస్తాడు? సొరుగు తీశాడు. ఒక్క మధ్యాహ్నంలో మాటలు రాసేశాడు. ఏ గడిలో ఎక్కడ ఖాళీ ఉందో చూడటం, అక్కడో బుడగ గీసి మాటలు కుక్కడం, అంతేగా. ఆఖరి పేజీలో బ్రిడ్జ్‌మ్యాన్ వంతెన కమ్మీ మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. అక్కడ మాత్రం ఏమీ తోచక వదిలేశాడు.

కోసే రోజు ఎప్పుడో కనుక్కున్నాడు. ఆ రోజు, మర్రే భోజనానికి బయటికి వెళ్లే వేళ చూసుకుని, ఖాళీ సంచీ ఒకటి పట్టుకుని కింది గదికి దిగాడు. మర్రే వెళ్లలేదు. కోత బల్ల పక్కనే కూర్చుని శాండ్‌విచ్ పొట్లం విప్పుతున్నాడు.

"పొద్దున్నే కోసేశాను," అన్నాడు. "వస్తావని తెలుసు. నువ్వు ఎత్తుకుపోతే ఊడేది నా ఉద్యోగంరా. చెత్తబండి కూడా వెళ్లిపోయింది. కూర్చో, సగం తిను."

సేమూర్ తినలేదు. 

పుస్తకం బజారులోకి వచ్చాక ఒకటి పట్టుకుని బ్రూక్లిన్ వెళ్లాడు. కాన్చెట్టా చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆఖరిదాకా చూసింది.

"కాగితాలేవీ?"

చెప్పాడు. రూలు ఎవరిదో కూడా చెప్పాడు.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఆరేళ్లు నీ దగ్గర భద్రంగా ఉన్నాయి కదయ్యా. నాతో ఒక్క మాట అంటే, ఎప్పటికీ వెయ్యొద్దనేదాన్ని. పుస్తకం నేనేం చేసుకోను?"

"ఉద్యోగం పోతుందని..."

"తెలుసులే. ఆయనా అదే అనేవాడు. ఆ మాట వినీ వినీ ముసలిదాన్నయ్యాను."

పుస్తకాన్ని అతని ముందుకు తోసింది.

"ఇందులో నలుపంతా మసిబారిపోయింది. ఆయన గీత ఇంత లావుండదు. అసలువి నువ్వు చూశావుగా, ఎలా ఉండేవో చెప్పు. మొదటి పేజీ నించీ చెప్పు."

సేమూర్ మొదలుపెట్టాడు. మొదటి పేజీలో వాన, ఒక్కో చినుకూ వెంట్రుకంత సన్నం అన్నాడు. రెండో పేజీలో ముసలావిడ గొడుగు గురించి చెప్పాడు. మూడోది సగం చెప్పాడు. నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాడు. ఆరేళ్లు దాచాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ అతని కళ్లు వెతికింది ఒక్కటే.

"ఇక్కడ... కుడివైపు పైన," అన్నాడు, "మాటలకి చోటు బాగా వదిలాడు."

కాన్చెట్టా ఆ పేజీ మీద వేలు పెట్టి, ఇంకా ఏమైనా చెబుతాడేమోనని అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది.