అండాల బుడగలు, నా పత్తి లెక్క

అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఒట్టేస్తున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. మా ఆవిడ ఇది చదివి నవ్వితే ఆమెను నమ్మకండి.

ఎమ్మిగనూరులో ఒక చిన్న పశువైద్య ప్రయోగశాలలో నేను అటెండర్ని. పొద్దున్నే ఆదోని కబేళాకు పోయి, కోసిన గొర్రెల అండాశయాలు తేవడం నా పని. ఒక్కోటీ చిక్కుడు గింజంత ఉంటుంది. దాని మీద చిన్న చిన్న నీటి బుడగలు, ఒక్కో బుడగలో ఒక అండం. మా మేడమ్ సూదితో ఆ నీటిని లాగి, అండాన్ని గాజు పళ్లెంలో వెచ్చగా పెట్టి, కడుపు బయటే చూలు కట్టేంతగా పండించాలని చూస్తుండేవారు. వేసవిలోగా పండించి చూపకపోతే ఆమె పని ఆగిపోతుంది, ఆ గది మూతపడుతుంది.

గోరువెచ్చని ఉప్పునీళ్లలో అండాశయాలు వేసిన ఫ్లాస్కును బస్సులో ఒళ్లో పెట్టుకునేవాణ్ణి. ఒకరోజు పక్కసీటు పెద్దాయన అడిగాడు.

"టీ ఉందాప్పా?"

"ఉంది పెద్దాయనా. తాగితే ఐదు నెలలకు గొర్రెపిల్లను కంటావు."

దిగేదాకా ఆయన నావైపు తిరగలేదు.

అండాలు మాత్రం పండలేదు. మేడమ్ మందులు మార్చారు, పళ్లేలు మార్చారు, మధ్యాహ్నం అన్నం మానేశారు. తప్పు నాదని అప్పటికి నాకు తెలియదు. ఈ ఉద్యోగానికి ముందు నేను మద్దికెర వైపు చేలల్లో పత్తి తీయడానికి కూలికి పోయినవాణ్ణి. పెద్ద కాయ కనబడితే చెయ్యి దానంతటదే పోతుంది. ఆ అలవాటుతోనే పెద్ద పెద్ద బుడగలున్నవే ఏరి తెచ్చి, మిగిలినవి కుక్కలకు పడేస్తున్నాను.

కబేళాలో గొర్రెలు కోసే భాయ్ ఒకరోజు నా చెయ్యి పట్టుకున్నాడు.

"యాడ నేర్చినావన్నా ఈ ఏరడం? ఇట్ల ఉబ్బి, లోపల మబ్బుగుండేది ముసిలి బుడగ. ఈ గొర్రెను సూడు, మేత లేక డొక్కలెండిపోయినాయి. దీంట్లో ఏముంటాది? బాగా మేసినదాంట్లో, నీళ్లు తేటగా మెరిసే నడితరం బుడగలు తీసుకో."

ఆ రోజు నుంచి మేసిన గొర్రెలవి ఆయనే విడిగా తీసిపెట్టాడు. నేను మేడమ్ ముందు నిలబడి నా తప్పంతా ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. మర్నాడు మైక్రోస్కోపు దగ్గరికి పిలిచి చూడమన్నారు. అండాన్ని గట్టిగా అంటుకున్న కణాల పొర వదులై, పగిలిన కాయలో దూదిలా విచ్చుకుంది.

"పండిందయ్యా," అన్నారు మేడమ్. "కూర్చో, ఈ పొద్దు ఇద్దరం అన్నం తిందాం."

గది మూతపడలేదు.

ఒట్టేశాను కాబట్టి చెప్పాలి. తప్పు నేనే ఒప్పుకున్నానన్నది కల్పన. ఆ రోజు భాయ్ నాతో పాటు బస్సెక్కి వచ్చాడు. నేను గుమ్మంలో ఫ్లాస్కు మూత తిప్పుతూ నిలబడితే, "నేనే సరిగ్గా ఇయ్యలేదు మేడమ్, ఈయప్పకేం తెల్సు," అన్నాడు. మేడమ్ ఇది చదివితే తప్పు నాదని ఇప్పుడు తెలుసుకుంటారు. భాయ్‌కి తెలుగు చదవడం రాదు. ఆదివారం పోయి నేనే చదివి వినిపిస్తాను.