చక్రధర్ రానూపోనూ లెక్క

చక్రధర్ ఏ గడియారాన్నీ నమ్మడు. దోణిమలైలో ఒక గని కంట్రోల్ రూములో నెట్‌వర్కు చూసే ఈ మహానుభావుడు, ఎవరు టైము చెప్పినా నిలదీస్తాడు. తాళి కట్టే వేళ పురోహితుడి చెయ్యి పట్టుకుని, "సామీ, మీ వాచీ దేంతో సరిచూసినారు?" అని అడిగిన ఘనుడు.

తారానగర్ దగ్గర అదే గని లారీల తూకం కేబిన్‌లో కూర్చునే రామసుబ్బమ్మకు రోజూ మధ్యాహ్నం అతని ఫోను వస్తుంది.

"అక్కా, నీ తెరమీద టైమెంత ఉండాది?"

ఆమె చదువుతుంది.

"నా మాట నీకాడికి పోను ఎంత సేపు, నీ మాట నాకాడికి రాను ఎంత సేపు. రెండూ కలిపి సగం చేస్తే నీ గడియారం ఎంత తప్పిందో తెలుస్తాదక్కా."

"పోనూ రానూ ఒకటే సేపు పడతాదాప్పా? బస్సు ఘాట్ ఎక్కేదానికి ఒక సేపు, దిగేదానికి ఒక సేపు గదా?"

"ఆడనే ఉండాది తంటా!" అని మురిసిపోతాడు. "సరే, ఈ పొద్దు ఏం కూర?"

"కూర కూడా లెక్కలోకి వస్తాదా?"

"మాట పొడుగైతే కొలత బాగొస్తాదక్కా."

కెమెరాలు పెట్టాక కేబిన్‌లో రెండో మనిషిని తీసేశారు. చీటీ మిషనే ఇస్తుంది, డ్రైవర్లు లారీ దిగరు. పొద్దంతా ఎర్రదుమ్ము తప్ప ఆమెను పలకరించే దిక్కు లేదు. ఆ ఒక్క ఫోను కోసం ఎంతగా కాచుకుని ఉంటుందో చెప్పుకోవడానికి ఆమెకే సిగ్గు.

ఒకరోజు కేబుల్ మార్చడానికి వచ్చిన కొత్త ఇంజనీరు హారతి ఆ మాటలు విని నోరు తెరిచింది.

"ఏందక్కా ఇది? ఆ కొలత మిషన్లే ఒకదాన్నొకటి అడిగి చేసుకుంటాయి. రెప్పపాటు తేడా వచ్చినా ఆయన తెరమీద కనిపిస్తాది. నోటితో అడిగితే ఏం తేలుతాది? ఆ ఏర్పాటు చేసిందే చక్రధర్ సారు! ఇంక నిన్ను సతాయించొద్దని నేను చెప్తాలే."

"వద్దు తల్లీ!" గబుక్కున అంది రామసుబ్బమ్మ. రెండో మనిషి వెళ్లిపోయిన వారంలోనే కదా ఈ ఫోన్లు మొదలైంది! ఇన్నాళ్లూ అది తనకు తట్టనే లేదు.

"పాపం, ఆయనా ఆ రూములో ఒక్కడే లే," అంది హారతి, సామాన్లు సర్దుకుంటూ.

మర్నాడు మధ్యాహ్నం కాకముందే రామసుబ్బమ్మ తనే నంబరు నొక్కింది.

"చక్రధరప్పా, నీ తెరమీద టైమెంత?"

"ఏందక్కా, నువ్వడుగుతాండావు?"

"ఒక దిక్కు నుంచే అడిగితే కొలత యాడ కుదురుతాదప్పా? ఈ దిక్కు నుంచీ అడగాల. ఏం తిన్నావు?"

"చిత్రాన్నం."

"అంతేనా? మాట పొడుగు చెయ్యప్పా, కొలత బాగొస్తాది."