నేను చూడని నా మొదటి మిసైల్

నందిగామలో నా పెళ్ళి. మిట్టమధ్యాహ్నం పురోహితుడు గారు మా ఇద్దరినీ కల్యాణ మండపం బయటికి తీసుకొచ్చి ఆకాశంలోకి వేలు చూపించారు. "అదిగో అరుంధతీ నక్షత్రం. కనపడిందా?"

"కనపడిందండి," అనేశాడు మా ఆయన. నేను కళ్ళు చికిలించి ఎంత వెతికినా ఎండ తప్ప ఏమీ లేదు. "నాకు కనపడలేదండి," అన్నాను.

అమ్మ వెనకనుంచి గిల్లింది. వీడియో తీసే అతను కెమెరా దించి మరీ నవ్వాడు. జగ్గయ్యపేట నుంచి వచ్చిన మా అత్తగారి మొహం మాత్రం మాడిపోయింది. "మాటవరసకి కనపడిందంటే నీ సొమ్మేం పోయిద్దమ్మాయ్? శుభమా అని పెళ్ళి జరుగుతుంటే!"

నేనేం చేసేది, నా ఉద్యోగం అలాంటిది! యుద్ధ హెలికాప్టర్‌లో ముందు సీటు నాది. వెనక సీట్లో పైలట్ నడుపుతుంటే నేను లక్ష్యం మీద లేజర్ నిలపాలి. రెక్క కింద వేలాడే మిసైల్, ఆ కాంతి పడ్డ చోటునే వెతుక్కుంటూ వెళ్ళి తగులుతుంది. ఆ కాంతి మామూలు కంటికి ఆనదు. తెర మీది ప్లస్ గుర్తునే నమ్ముకోవాలి. "టార్గెట్ కనపడిందా?" అని పైలట్ అడిగినప్పుడు మొహమాటానికి అవునంటే కొంప మునుగుతుంది.

సెలవు అయిపోయి వెళ్ళగానే నా మొదటి అసలు ఫైరింగ్. అప్పటిదాకా అంతా సిమ్యులేటర్ మీదే. ముందురోజు అత్తగారు ఫోన్ చేశారు.

"తగలకపోతే ఏమవుద్ది?"

"ముందు సీటు ఇంకొకళ్ళకి ఇస్తారత్తయ్యా."

"పెళ్ళిలో నువ్వట్టా అన్న కాణ్ణుంచీ నా మనసు పీకుతానే ఉంది. దణ్ణం పెట్టుకుంటాలే."

ఎడారిలో దూరంగా ఒక పాత ట్యాంకు. పైలట్ హెలికాప్టర్‌ని గాల్లో నిలిపాడు. టార్గెట్ కనపడిందా అని అడిగాడు. కనపడింది! ప్లస్ గుర్తుని ట్యాంకు నడుము మీద పెట్టి, లేజర్ వేసి, మీట నొక్కాను. హెలికాప్టర్ ఒళ్ళంతా ఒక్కసారి అదిరింది. పక్కనుంచి మంట దూసుకుపోయిన వెలుగు నా చెంప మీద పడింది. బాబోయ్, ఎంత ఆశో తల ఎత్తి చూడాలని! నా మిసైల్, నా చేత్తో వదిలింది, కళ్ళెదుటే పోతోంది. కానీ నేను తల ఎత్తితే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే అది దారి తప్పుతుంది. వడగాలికి తెర మీద ట్యాంకు వణుకుతుంటే ఊపిరి బిగబట్టి గుర్తుని దాని మీదే ఉంచాను. తెర తెల్లగా వెలిగిపోయింది. వెనకనుంచి పైలట్ ఈల వేశాడు. సంతోషం పట్టలేక నేను అరిచిన అరుపు రేడియోలో అందరికీ వినపడిందట.

దిగగానే జగ్గయ్యపేటకి వీడియో కాల్ చేశాను.

"తగిలిందత్తయ్యా!"

"నా తల్లే! ఆకాశంలో పోతుంటే ఎట్టా ఉందే?"

"నేను చూడలేదత్తయ్యా. చూస్తే తగలదు."

"మళ్ళీ చూళ్ళేదా!" అని, వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఫోన్ మొహం దగ్గరికి తెచ్చుకుని గొంతు తగ్గించారు. "ఒక మాట చెబుతా, మీ మావయ్యకి చెప్పమాక. నా పెళ్ళిలో నాకూ ఆ నక్షత్రం కనపడలా. కనపడిందని చెప్పా. ఈసారి వచ్చినప్పుడు రాత్రిపూట మేడెక్కుదాం, ఇద్దరం కలిసి చూద్దాం."